హాజరు పట్టీతో మొదలుపెట్టండి

నడిగడ్డలో సీడ్‌పత్తి పూలను చేత్తో సంకరపరిచే క్రాసింగ్ పనులు మొదలయ్యాయంటే పిల్లలు కూలికి వెళ్లి, గద్వాల పల్లెల బడుల్లో బెంచీలు ఖాళీ అవుతాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, హాజరు పట్టీకీ తెలుసు. పేర్లు తీసేసి ఆ పట్టీలోని అంకెలను ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చి, ఆడపిల్లల హాజరూ మగపిల్లల హాజరూ నెలవారీగా గళ్లకాగితం మీద గీయమనండి. ఏడాది సగటు ఫరవాలేదనిపించిన చోటే గీత ఎక్కడ కుంగిందో వాళ్ల కంటబడుతుంది. సగటు ఏం చెబుతుంది, ఏం దాస్తుంది? డేటా సైన్స్‌కు ఇంతకన్నా మంచి తొలిపాఠం లేదు. పేర్లు ఎందుకు తీసేశామన్నది రెండో పాఠం.

సీబీఎస్‌ఈ 2021-22లో ఎనిమిదో తరగతికి డేటా సైన్స్‌ను 12 గంటల నైపుణ్య పాఠంగా తెచ్చింది. మంచి అడుగే. కానీ అది ఐచ్ఛికం, పైగా మన రాష్ట్రాల బోర్డు బడుల పిల్లలు దాని పరిధిలోనే లేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు దీన్ని అందరికీ, తెలుగులో, తప్పనిసరిగా నేర్పాలి. కంప్యూటర్ ల్యాబుల కోసం ఆగనక్కర్లేదు. పన్నెండేళ్ల పిల్లకు ముందు కావలసింది పైథాన్ కాదు, ఈ అంకె ఎవరు రాశారు, ఎలా లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు అని అడిగే అలవాటు.

ఇది పిల్లలకు మించిన పని అనేవారు మన రైతులను గుర్తు చేసుకోవాలి. 2000ల దశకంలో అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం వంటి ఏడు కరవు జిల్లాల్లో రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూసి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకుని, ఏ పంట వేయాలో ఆలోచించుకున్నారు. చాలామంది పెద్ద చదువులు చదివినవారు కారు. ఆ పని బడిలో పిల్లలు చేయలేరా?

టీచర్లకు ఇప్పటికే తీరిక లేదన్న మాట నిజం. ఎందరు భోంచేశారు, ఎన్ని గుడ్లు పెట్టారు అంటూ రోజూ యాప్‌లోకి ఎక్కించడంతోనే సరిపోతోంది. ఆ అంకెలన్నీ పైకి పోతున్నాయి, ఒక్కటీ తిరిగి తరగతి గదికి రావడం లేదు. మాకు కోపం తెప్పించేది ఇదే. కొత్త పుస్తకం అచ్చువేయనక్కర్లేదు. గణితంలో దత్తాంశ నిర్వహణ అధ్యాయం ఉండనే ఉంది. అందులోని ఊహా లెక్కల స్థానంలో బడి అంకెలు పెట్టి, దానికి పీరియడ్లు కేటాయిస్తే చాలు. టీచర్లకు శిక్షణ ఇవ్వాలి, యాప్‌ల భారం తగ్గించాలి. మార్కులు పరీక్షకు కాదు, పిల్లలు వేసిన ప్రశ్నకూ వెతికిన తీరుకూ ఇవ్వాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుకు, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లాక గానీ భారతీయ గణాంక సంస్థ దారి దొరకలేదు. ఆయన 1945లో రాసిన పరిశోధన పత్రానికి 2023లో, నూట రెండేళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. అంతటి మనిషి గణాంక శాస్త్రం దగ్గరకు చేరింది ఎమ్మే అయ్యాక, అదీ యాదృచ్ఛికంగా. మన పిల్లలకు ఆ దారి బడిలోనే దొరకాలి.

వచ్చే జూన్‌లో బడులు తెరిచే నాటికి ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒక వర్షమాపకం, సరిపడా గళ్లకాగితాలు, బడి సొంత అంకెలు పిల్లలకు చూపించేందుకు అనుమతినిచ్చే ఉత్తర్వు చేరాలి.