ఢిల్లీ లేఖ: ఊలు ఎవరిది? చేతులు ఎవరివి?

ఢిల్లీకి చలి వచ్చినదని తెలియడానికి ఒకప్పుడు వాతావరణ శాఖ ప్రకటన అక్కరలేదు. మధ్యాహ్న భోజన విరామవేళ కేంద్ర సచివాలయం చుట్టూ ఉన్న పచ్చిక బయళ్ళవైపు చూస్తే చాలు. ఎండకు వీపు పెట్టి కూర్చున్న మహిళా ఉద్యోగుల చేతులలో రెండు సూదులు, ఒడిలో ఊలు ఉండ. సంభాషణ కరవుభత్యం మీద సాగుతున్నా, మంత్రివర్గ మార్పుల మీద సాగుతున్నా వేళ్ళు మాత్రం తమ పని తాము చేసుకుపోయేవి. డిసెంబరు చివర బడులకు సెలవులు ఇచ్చేనాటికి పిల్లవాని స్వెట్టరు పూర్తి కావాలి. ప్రభుత్వ ఫైళ్ళు కదలకపోవడానికి ఈ అల్లికలే కారణమని పరిహాసమాడిన పెద్దలు లేకపోలేదు. అట్లా అన్నవారి ఒంటిమీద ఉన్నది సైతం భార్యో, తల్లో అల్లిన స్వెట్టరే!

ఈ పనిలో ఉన్న పొదుపు ఏ పంచవర్ష ప్రణాళికకూ తీసిపోయేది కాదు. కావలసిన ఊలంతా ఒకేసారి కొనాలి. మరుసటి వారం వెళ్తే అదే రంగు అచ్చంగా దొరకదు. మిగిలిన ఉండలు ట్రంకుపెట్టెలో చేరుతాయి. పిల్లవాడు ఎదిగితే పాత స్వెట్టరును విప్పి, నూలును చిలపగా చుట్టి, ఉతికి ఆరవేసి, పెట్టెలోని మరో రంగు ఊలు కలిపి పెద్దకొలతకు మళ్ళీ అల్లుతారు. ఒకే ఊలు అన్న నుంచి తమ్మునికి, తమ్ముని నుంచి చెల్లెలికి రూపు మార్చుకుంటూ పోతుంది. జాతీయాదాయపు లెక్కలలో ఈ శ్రమకు ప్రత్యేకించి ఒక పద్దు ఎవరూ చూడలేదు.

అయితే ప్రభుత్వానికి ఈ చేతులు ఒకసారి గుర్తుకు వచ్చాయి. 1962 అక్టోబరులో చైనా సేనలు సరిహద్దు దాటినప్పుడు, మన జవానులలో చాలామంది చాలినన్ని చలిదుస్తులు లేకుండానే హిమాలయ శిఖరాలపై నిలిచి పోరాడారు. ఆ చలికాలం దేశమంతటా స్త్రీలు బంగారం ఇచ్చారు. జవానుల కొరకు స్వెట్టర్లు అల్లి పంపారు. యంత్రాంగం చేయవలసిన పనిని ఇంటింటి సూదులు చేశాయి. ఆపద గడిచిన పిమ్మట ఆ సూదుల సంగతి ఎవరికీ పట్టలేదు.

నేడు పచ్చిక బయళ్ళపై ఆ దృశ్యం అరుదైపోయింది. యంత్రం మీద తయారైన స్వెట్టరు ఊలు ఖరీదుకే వస్తున్నప్పుడు వారాల తరబడి ఎవరు అల్లుతారు? 1959 తరువాత శరణార్థులై వచ్చిన టిబెటన్లు తొలినాళ్ళలో చేత అల్లిన స్వెట్టర్లు అమ్మేవారు. ఎర్రకోట దగ్గరే కాదు, మన హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలో సైతం చలికాలంలో వెలిసే వారి దుకాణాలలో ఇప్పుడు ఉన్నది చాలామట్టుకు లూధియానా యంత్రాల సరుకే. చేత అల్లేవారికై బజారులో దొరికే ‘ఊలు’లో అధికభాగం గొర్రె ముఖం చూసినది కాదు, అది యాక్రిలిక్ నూలు.

మేలైన ఉన్ని మాట వస్తే, ఆస్ట్రేలియావైపు చూడక తప్పదు. 2022 డిసెంబరు 29న అమలులోకి వచ్చిన వాణిజ్య ఒప్పందంతో అక్కడి ఉన్నిపై ఉన్న రెండున్నర శాతం దిగుమతి సుంకం తొలగిపోయింది. మిల్లులకు సన్నని ఉన్ని కావాలి. దేశంలో అది చాలినంత లేదు. అందుచేత ఈ చర్యను తప్పుపట్టనక్కరలేదు. కాని మిల్లుల అవసరం తీర్చడంలో చూపిన ఆ చురుకుదనం కాపరి విషయంలో ఏమైనదన్నదే ప్రశ్న.

2019 పశుగణన ప్రకారం దేశంలోని గొర్రెలు 7 కోట్ల 42 లక్షలు. అందులో తెలంగాణది ప్రథమ స్థానం, 1 కోటీ 90 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌ది ద్వితీయ స్థానం, 1 కోటీ 76 లక్షలు. అంటే దాదాపు సగం మంద తెలుగునాటనే ఉన్నది. అయినా ఉన్నిలో అగ్రస్థానం రాజస్థాన్‌ది. మన నెల్లూరు జాతి మాంసానికే గాని ఉన్నికి పనికిరాదు. ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రె క్రమంగా తగ్గిపోతున్నది. దాని ముతక ఉన్నితో స్వెట్టరు రాదు, గొంగడి వస్తుంది. గొంగడి కప్పుకొనేవారు తగ్గినకొద్దీ కత్తిరించిన ఉన్నిని కొనే దిక్కులేక పారవేస్తున్న కాపరులు ఉన్నారు.

ఇందుకు పరిష్కారం ఉపన్యాసాలలో లేదు, కొనుగోళ్ళలో ఉన్నది. ఏటా చలికాలంలో ప్రభుత్వాలు రాత్రి ఆశ్రయాలకు, వసతిగృహాలకు కంబళ్ళు కొంటూనే ఉంటాయి. తక్కువ ధర పలికినవాడికి టెండరు దక్కుతుంది. అందులో కాపరి లేడు, నేత కార్మికుడు లేడు, అల్లే ఇల్లాలు లేదు. తెలంగాణలో 2024లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా బృందాలకు అప్పగించారు. అదే పద్ధతిలో ఈ కొనుగోళ్ళలో కొంతభాగం గొంగడి నేసేవారికి, చలిప్రాంతాల అంగన్‌వాడీ పిల్లల స్వెట్టర్ల పని అల్లిక తెలిసిన స్త్రీలకు కేటాయించడానికి అడ్డేమిటి? ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. ఆ పెరిగిన ఖర్చు కూలీగా ఎవరి చేతికి చేరుతుందో కూడా లెక్క వేయాలి.

1962లో ఆ చేతులు ధర అడగలేదు. అడగలేదు గనుక వాటికి ధర లేదని అరవై ఏళ్ళకు పైగా పాలకులు భావిస్తూ వచ్చారు. తల్లుల సూదులు ట్రంకుపెట్టెల అడుగుకు చేరుతున్నాయి. ఆ విద్య కూతుళ్ళకు అందడం లేదు. మరొక ఆపద వచ్చి పిలిచిన నాడు పలికేందుకు ఆ చేతులు ఉండకపోవచ్చు.