సంతకం లేని ఒప్పందాలు

మన పల్లెల్లో పెళ్లికి ముందు ఒప్పందాలు లేవా? ఎ.కొండూరులోనైనా, మరెక్కడైనా పొలం, బంగారం, నగదు లెక్క ముహూర్తానికి ముందే తేలుతుంది. తేల్చేది పెద్దమనుషులు, పెళ్లికూతురు కాదు.

కమ్మ, రెడ్డి కుటుంబాల్లో ఇల్లటం అల్లుడికి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇస్తామని ముందే మాట ఇచ్చేవారు. ఆ ఆచారాన్ని న్యాయస్థానాలు గుర్తించాయి. అల్లుడికిచ్చిన మాట హక్కయింది. కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం మాత్రం ఎన్నో ఇళ్లలో భర్త పెత్తనం కిందికే పోయింది.

1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఒప్పందం చెల్లదు. అయినా ఇచ్చిన కట్నం ఆమెదే. ఇతరులు పుచ్చుకుంటే మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలి. పెళ్లి కానుకల జాబితా రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. వధువుకిచ్చిన వాటి జాబితా ఆమె దగ్గరే ఉండాలి.

"జాబితా రాయిస్తే కట్నాన్ని ఒప్పుకున్నట్టు కాదా?" అని కార్యకర్తలు అడుగుతారు. కాదు. అడిగి పుచ్చుకోవడం జాబితా ఉన్నా నేరమే. కానీ ఇంట్లోంచి గెంటేసిన రోజున "ఏం తెచ్చావు, రుజువేది?" అన్న ప్రశ్నకు ఆమె చేతిలో ఒక కాగితమైనా ఉండాలి. శుభలేఖ అచ్చువేయించే ఇంట్లో ఈ కాగితం అపశకునమెలా అవుతుంది? మన సంఘాలే ముందు నిలబడి రాయించాలి.