‘పర్మనెంటా?’ అని అడిగే ముందు

ఎమ్మెస్సీ పూర్తిచేసిన అమ్మాయికి హైదరాబాదులోని ఒక పరిశోధనాలయంలో ప్రాజెక్టు ఉద్యోగం దొరికిందంటే, మన ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న ‘పర్మనెంటా?’ అన్నదే. కాదు. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. ఆ మాట వినగానే పెద్దలు సంబంధాల వేటలో పడతారు. వారి భయం అర్థంలేనిదని మేము అనము. కానీ సీసీఎంబీ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల ప్రయోగశాలలో గడిపిన ఏడాది, రెండేళ్లు వృథా పోవు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఆ అనుభవం గురించే ఎక్కువగా అడుగుతారు.

అసలు రాజమార్గం సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. జీవ, రసాయన, భౌతిక, గణిత, భూ శాస్త్రాలలో జరిగే ఈ పరీక్షను ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలోనే రాయవచ్చు. జేఆర్‌ఎఫ్ సాధిస్తే, 2023 జనవరి నుంచి అమలులో ఉన్న లెక్క ప్రకారం, మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపై 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. మైనారిటీ విద్యార్థులకు ఆసరాగా నిలిచిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. ఇతర పథకాలు ఉన్నాయి కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. మాకు అది సబబుగా తోచలేదు. ఏమైనా, ఇప్పుడు నెట్‌ను తేలికగా తీసుకునే వీలు లేదు.

జేఆర్‌ఎఫ్‌కు ప్రస్తుత వయోపరిమితి 30 ఏళ్లు. స్త్రీలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. నికాహ్ అయి, బిడ్డ పుట్టిన తరువాత కూడా గడువు మిగిలే ఉంటుందన్నమాట. ఈ సంగతి సంబంధం మాట్లాడేటప్పుడే అబ్బాయి తరఫువారికి చెప్పాలి. చదువు కొనసాగించే షరతును నికాహ్‌నామాలో రాయించుకోవడానికి అమ్మాయి తండ్రి సంకోచించనక్కరలేదు.