హాస్టల్ సంచిలో అక్రోట్

ఎల్బీనగర్ రింగు రోడ్డు దగ్గర నల్లగొండ బస్సు దిగే తల్లులను చూస్తే వాళ్లు ఎక్కడికి వెళుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో ఉతికి మడతపెట్టిన బట్టలు, రెండోదాంట్లో సకినాలు, మామిడికాయ తొక్కు. మెట్రో ఎక్కి మూడో స్టేషన్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతారు. కోచింగ్ సెంటర్ల వెనక సందుల్లో బిడ్డలుండే హాస్టళ్లకు నడుస్తారు.

కిందటి ఆదివారం డ్రైఫ్రూట్స్ దుకాణంలో అలాంటి తల్లి ఒకామె నా పక్కన నిలబడింది. "మెదడుకు మంచిదంటరు గదన్నా, ఆ అక్రోట్ పావుకిలో ఇయ్యి. బిడ్డ గ్రూప్స్‌కు చదువుతుంది. చదివింది యాదికి ఉంటలేదంటుంది" అంది. దుకాణం అతను పప్పు ఒకటి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "చూడమ్మా, అచ్చం మెదడు లెక్కనే లేదా?" ఆమె కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టింది. ఆ డబ్బుకు వేరుశనగలైతే కిలోలకు కిలోలు వచ్చేవి.

మా దారి ఒకటే కావడంతో హాస్టల్ గేటు దాకా కలిసి నడిచాం. ఆమెతో చెప్పినవీ, నడక సరిపోక చెప్పలేకపోయినవీ ఇక్కడ రాస్తున్నాను.

అక్రోట్, అంటే వాల్‌నట్, మంచి ఆహారం. అందులో సందేహం లేదు. గుప్పెడు, అంటే 28 గ్రాములు, ఏడు కాయల పప్పు. దాంట్లో సుమారు 185 కేలరీలు, 4 గ్రాముల ప్రొటీన్, 18 గ్రాముల కొవ్వు ఉంటాయి. కొవ్వు అనగానే భయపడక్కర్లేదు. అందులో రెండున్నర గ్రాములు మొక్కల నుంచి వచ్చే ఒమేగా-3. మన శరీరం దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. వేరుశనగలో ప్రొటీన్ వాల్‌నట్ కంటే చాలా ఎక్కువ, కానీ ఈ ఒమేగా-3 దాదాపు లేదు. నువ్వుల్లోనూ అంతే. వాల్‌నట్ ప్రత్యేకత అదే. పైనున్న గోధుమరంగు పొర కాస్త చేదుగా ఉంటుందని నానబెట్టి ఒలిచి పారేస్తారు. ఆ పప్పులో మేలు చేసే పాలిఫినాల్స్‌లో ఎక్కువ భాగం ఉండేది ఆ పొరలోనే. దయచేసి ఒలవకండి.

ఇక మెదడు సంగతి. పోలికను బట్టి మందు ఎంచుకునే అలవాటు పాతకాలంలో చాలా దేశాల్లో ఉండేది. ఆ నమ్మకం సంగతి తేలాలంటే మనుషులకు తినిపించి చూడాలి. అమెరికాలోని లోమా లిండాలో, స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఏడు వందల మందికి పైగా వృద్ధులతో ఆ పని చేశారు. సగం మందికి రెండేళ్లపాటు రోజూ 30 నుంచి 60 గ్రాముల వాల్‌నట్స్ పెట్టారు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల్లో మొత్తం మీద రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదని 2020లో ప్రకటించారు. ఆ అధ్యయనానికి డబ్బు ఇచ్చింది కాలిఫోర్నియా వాల్‌నట్ కమిషనే. అమ్ముకునేవాళ్ల డబ్బుతో చేసి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పారు కాబట్టే ఆ ఫలితం మీద నాకు గురి. అదే మనుషుల్లో చెడ్డ కొలెస్ట్రాల్ మాత్రం కొద్దిగా, సగటున 4.3 పాయింట్లు తగ్గింది.

అంటే వాల్‌నట్ మేలు గుండె వైపు కనిపిస్తోంది. స్పెయిన్‌లోనే 7,447 మందితో చేసిన మరో పెద్ద అధ్యయనం 2013లో వచ్చింది. మనుషులను గుంపులుగా పంచడంలో లోపాలు బయటపడితే సరిచూసి 2018లో మళ్లీ ప్రచురించారు. ఫలితం మారలేదు. రోజూ 30 గ్రాముల పప్పులు, అందులో సగం వాల్‌నట్స్, తిన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 30 శాతం తక్కువ. అయితే వాళ్ల కంచంలో కూరగాయలు, పప్పుధాన్యాలు, చేపలు కూడా ఉన్నాయి. సంవత్సరాల తరబడి అలా తిన్నారు.

ఈ తేడా నాకు ఆలస్యంగా అర్థమైంది. మా నాన్నకు స్టెంట్ వేశాక రోజూ పది వాల్‌నట్స్ చేతిలో పెట్టేదాన్ని. సాయంత్రం మిర్చి బజ్జీ, చాయ్ ఎప్పటిలాగే సాగాయి. మూడు నెలలకు ఆయన బరువు పెరిగింది. బజ్జీ తీసేసి ఆ స్థానంలో పప్పు పెట్టాల్సింది. నేను బజ్జీ మీద పప్పు పెట్టాను.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. చదివింది గుర్తుండటం లేదంటే నాకు ముందు తోచేది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. నీరసం, ధ్యాస నిలవకపోవడం దాని లక్షణాలే. మన మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని ఐసీఎంఆర్ లెక్క. గుప్పెడు వాల్‌నట్స్‌లో ఉన్నది ఒక మిల్లీగ్రాము కూడా కాదు. "పొద్దున టిఫిన్ తింటదా?" అని అడిగాను. "ఆరింటికే క్లాసంట, చాయ్ తాగి పోతదంట" అంది ఆ తల్లి, నడక ఆపి. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమన్నాను. పొద్దున ఉడికించిన గుడ్డో, నానబెట్టిన శనగల మీద నిమ్మకాయ పిండుకునో తిని క్లాసుకు వెళ్లమని చెప్పమన్నాను. నిమ్మరసం తోడైతే శనగల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

మరి ఒమేగా-3? అది ఖరీదైన దుకాణాల్లోనే దొరకాలని లేదు. పది గ్రాముల అవిసె గింజల్లో రెండు గ్రాములకు పైనే ఉంటుంది. అంటే గుప్పెడు వాల్‌నట్స్‌లో ఉన్నదానికి దాదాపు సమానం. మన ఇళ్లలో అవిసెలు వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పొడి కొట్టుకునేవాళ్లం. అన్నంలో ఆ పొడి కలుపుకునే అలవాటు ఎందుకు వదిలేశామో అనిపిస్తుంది. గింజను పొడి చేయాలి, లేకపోతే అరగకుండానే పోతుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 35 గ్రాముల పప్పులు, గింజలు తినమంది. అవి వాల్‌నట్సే కావాలని లేదు. వేరుశనగ, నువ్వులు, అవిసెలు కలిపి ఆ లెక్క నింపుకోవచ్చు. దొరికిన రోజు రెండు అక్రోట్లు. స్తోమత లేదని ఏ తల్లీ కుమిలిపోవాల్సిన పని లేదు.

కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. ఎక్కువ నూనె ఉన్న పప్పు కాబట్టి ఎండవేడికి త్వరగా పాడవుతుంది. నేను ఒకసారి ఏప్రిల్‌లో, తలుపు బయట ఎండలో పేర్చిన డబ్బాలోంచి కొన్నాను. ఇంటికి వచ్చి కొరికితే పాత నూనె వాసన, గొంతులో కారంలాంటి చేదు. పడేశాను. తాజా పప్పు లోపల తెల్లగా ఉంటుంది, వాసన కమ్మగా ఉంటుంది. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. చిన్నపిల్లలకు గింజ గింజగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. పప్పులు పడనివాళ్లకు ఒక్క ముక్క కూడా ప్రమాదమే.

హాస్టల్ గేటు దగ్గర ఆ తల్లి అడిగింది. "ఫ్రిజ్ యాడుంటది మేడం, రేకుల గది. పెట్టె మంచం కింద పెట్టుకుంటది." నిజమే. అలాంటి గదికి పెంకుతో ఉన్న కాయే మేలు, పెంకు ఉన్నన్నాళ్లూ లోపలి పప్పు త్వరగా చెడదు. మళ్లీ ఇద్దరం దుకాణానికి వెళ్లాం. పప్పు పొట్లం మార్చి పెంకు కాయలు తీసుకుంది, మిగిలిన డబ్బుతో అవిసెలు కూడా. "పెంకెట్ల పగులుతది?" అంది. తలుపు సందులో, బందు దగ్గర పెట్టి మెల్లగా వేస్తే పగులుతుంది అన్నాను. ఆమె మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "మా బిడ్డ చిన్నప్పుడు తాటిటెంకలు గిట్లనే పగలగొడదామని తలుపు చెక్క ఇరగ్గొట్టింది."