ఇంజను ఆగిన వేళ

భోగాపురమున 2,203 ఎకరముల నేలపై అల్లూరి సీతారామరాజు పేర వెలసిన విమానాశ్రయమును గూర్చియు, దాని 3,800 మీటర్ల రన్‌వేను గూర్చియు ఈ వారమంతయు విన్న ప్రశంసలలో, ఆకాశమున ఇంజను ఆగినచో ఏమి చేయవలెనను ప్రశ్న ఒక్కరి నోటను వినబడకపోవుట నన్ను మిక్కిలి కలచినది. మాన్సాస్ ట్రస్టును, విమానాశ్రయమును నిర్మించిన జీఎంఆర్ సంస్థయు కలిసి ఇచ్చట వైమానిక విద్యానగరమును నిర్మింప బూనినవి గదా! వైమానిక విద్య నెలకొన్నచోటికి నేడో రేపో ఒంటి ఇంజను శిక్షణ విమానములును, వానిని నడుపు లేబ్రాయపు పిల్లలును రాక తప్పదు.

2023 డిసెంబరు 4న మెదక్ జిల్లా తూప్రాన్ సమీపమున, దుండిగల్ నుండి ఎగిరిన పిలాటస్ శిక్షణ విమానము కూలి ఇద్దరు వైమానికులు అసువులు బాసిరి. 2025 నవంబరు 13న తిరుచ్చి, పుదుక్కోట్టై నడుమ రహదారిపై అత్యవసరముగా దిగిన సెస్నా శిక్షణ విమానములోని ఇద్దరును క్షేమముగా బయటపడిరి. మొదటిదానికి నాలుగు దినములు శోకించితిమి, రెండవదానిని గుమిగూడి చూచితిమి, రెంటినీ మరచితిమి.

ఇంజను ఆగినంతనే విమానము రాయివలె పడదు. చిన్న సెస్నా వేయి అడుగుల ఎత్తునుండి సుమారు తొమ్మిది వేల అడుగుల దూరము జారుచు పోగలదు. ఆ కొద్ది వ్యవధిలో వేగమును నిలుపుకొని, ఎదుటనున్న బయలును ఎన్నుకొన్నవాడు బ్రదుకును. నేల విడిచిన వెంటనే ఇంజను ఆగగా, వెనుకకు మరలి రన్‌వేను చేరుదునని ఆశపడినవాడు మలుపులో వేగము గోల్పోయి కూలును. మన సముద్రపు గాలిలోని తేమ మరియొక శత్రువు: కార్బ్యురేటరులో పెట్రోలు ఆవిరియగునపుడు పుట్టు చలికి, వెలుపల ఇరువదియైదు డిగ్రీల వేడి యున్నను, లోపల మంచు పేరుకొని ఇంజనుకు ఊపిరాడనీయదు. ఇంధనమును, అందలి నీటిని పరీక్షించు శ్రద్ధయు, దిగుటకు తీగలులేని బయళ్లను ముందే గుర్తించు అభ్యాసమును భవనములకన్న ముందు ఏర్పడవలెను. అప్పటి బాపట్ల జిల్లా కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపై 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వేను నిర్మించి, 2022లో వాయుసేన విమానములతో పరీక్షించిన మనకు ఈపాటి ముందుచూపు అసాధ్యము కాదు.

ఇంజను ఆగుట ఆకాశమునకే పరిమితమా? ఈ రన్‌వేకు కూతవేటు దూరమున ముక్కాం తీరమునుండి వేటకు పోవు మరపడవ ఇంజను నడిసంద్రమున ఆగినచో, ఆ మత్స్యకారునకు జారి దిగుటకు బయలేది? చింతపల్లి తీరమున జెట్టీ కావలెనని ఇచ్చటి మత్స్యకారులు ఏండ్లుగా మొరపెట్టుచున్నారు. ఇచ్చట బ్రదుకుతెరువు చాలక గుజరాతు తీరమునకు వలసపోయి, 2018లో పాకిస్థాన్ చెరబడిన శ్రీకాకుళ, విజయనగర జిల్లాల మత్స్యకారులు 2020 జనవరికి గాని విడుదల కాలేదు. వారి తల్లుల కన్నీటిని ఈ తీరమింకను మరువలేదు.

నిన్న అశోక్ గజపతిరాజు, నేడు రామ్మోహన్ నాయుడు: పౌరవిమానయాన శాఖ రెండుమారులు మన ఉత్తరాంధ్ర బిడ్డలకే దక్కినది. కావున హక్కుతో అడుగుచున్నాను. విద్యానగరమున తొలి శిక్షణ విమానము లేచులోగా ముక్కాం తీరమున ఒక రక్షణ పడవను నిలుపుడు.