ఒడ్డు కోరు సముద్రజీవులు

ఉత్తర ధ్రువమునకు చేరువనున్న సముద్రములలో సీలు అను జంతువు కలదు. అది నీట వేటాడి బ్రతుకును గాని, మనుష్యులవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చును. వానిలో ఉంగరములవంటి మచ్చలు గల జాతి యొకటి మంచుగడ్డను గోళ్లతో గీరి రంధ్రములు చేసి, అవి పూడిపోకుండ కాచుకొని, వానియందు తల యెత్తి శ్వాసించును. ఆ రంధ్రముపై పేరుకొన్న హిమములో గుహ తొలిచి పిల్లను కనును. వాతావరణము వేడెక్కి హిమము ముందుగా కరిగెనా, పాలు విడువని ఆ పిల్ల చలికిని, ధ్రువపు ఎలుగుబంటికిని చిక్కును. నీట తిరుగు ప్రాణికైనను సంవత్సరమున కొన్ని వారములు గట్టి చోటు కావలెను.

ఇట్టి అవసరము గల ప్రాణి కృష్ణాతీరమునను కలదు. దానిని చూచుటకు ధ్రువము దాక పోనక్కరలేదు. చల్లపల్లినుండి మోపిదేవి, అవనిగడ్డ, కోడూరుల మీదుగా హంసలదీవి చేరిన చాలును. అది ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేలు. జనవరి మొదలు ఏప్రిల్ వరకు రాత్రివేళ ఆడుతాబేలు ఇసుకపైకి ప్రాకి, వెనుకకాళ్లతో కుండవంటి గుంట త్రవ్వి, నూరింటికి అటునిటుగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి కడలిలోనికి మరలును. తరువాత వానిని చూడ రాదు. సుమారు ఏబది దినములకు ఇసుక వేడిమికే పిల్లలు వెలువడును. ఇసుక వెచ్చగానున్న ఆడుపిల్లలు, చల్లగానున్న మగపిల్లలు హెచ్చుగా పుట్టుట వింత. నక్కలు, కుక్కలు గ్రుడ్లను త్రవ్వి తినకుండ అటవీశాఖవారు జాలరుల తోడ్పాటుతో వానిని ఏరి, కంచెలోపల పాతి, పొదిగిన పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. మెచ్చదగిన పని.

కాని గ్రుడ్లను కాచి తల్లిని విడిచిన నేమి ఫలము? మరపడవలు ఈడ్చు ట్రాలువలలో చిక్కిన తాబేలు పైకి రాలేక ఊపిరాడక చచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని చంపుట నేరము. వలకు చట్టము తెలియదు గదా! మరపడవల వేటకు నిషేధము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మాత్రమే. అది చేపల సంతానవృద్ధికై యేర్పడినది. అప్పటికి పెక్కు తాబేళ్లు గ్రుడ్లు పెట్టి వెడలిపోయి యుండును. కావున కృష్ణ సాగరమున గలియు చోటికి ఎదుటనున్న నీటి వరకైనను జనవరినుండియే ఆ పడవలను ఆపుట న్యాయము. ఊరక ఆపుమనుట తగదు. జాలరి యింట పొయ్యిలో పిల్లి లేవని స్థితి రాకుండ, నిషేధకాలపు భృతిని ఆ దినములకును ఈయవలెను. తక్కినచోట్ల వలమెడలో కమ్ముల చట్రము బిగించినచో తాబేలు దానిని తాకి ప్రక్కద్వారమున బయటపడును, చేపలు వల కొననున్న సంచిలోనికి పోవును. కొన్ని చేపలు జారిపోవునని పడవలవారందురు. అది నిజమే, ఆ నష్టమును ప్రభుత్వము భరింపవలెను గాని, దానికై చట్రమును మానుట తగదు.