చేతి డబ్బు పెట్టిన పని

మా కనిగిరి వైపు సీఎస్ పురంలో ఈ వారం ఒక ఉచిత శిక్షణ శిబిరం ముగిసింది. కుట్టుపని నేర్పి, దాంతో చిన్న వ్యాపారం ఎలా పెట్టుకోవాలో చెప్పే శిబిరం. ఆఖరి రోజు హాలు కిక్కిరిసింది. సర్టిఫికెట్లు పంచారు, ఫొటోలు దిగారు. అంతకు ముందు ఒక మధ్యాహ్నం నేను అటు వెళితే సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్లలోనూ కొందరు హాజరు పట్టీలో సంతకం పెట్టి, ఎప్పుడు వదులుతారా అని వాకిలి వైపు చూస్తున్నారు. నాకు కోపం వచ్చింది. ఆ ఆడవాళ్ల మీద కాదు. ఇంట్లో గొడ్లకు మేత వేయాలి, చేలో కలుపు తీయాలి; రాకపోతే పోయేదేమీ లేనప్పుడు ఎవరైనా ఇంటి పనే చూసుకుంటారు. పోయేదేమీ లేకుండా చేసిన ఆ ఏర్పాటు మీదే నా కోపం.

అదే ఊళ్లో మగ్గం వర్కు చేసే ఒకామె ఉంది. రోజూ బస్సెక్కి కనిగిరి పోయి నేర్చుకుంది. నేర్పినావిడకు ఆరు వేలు ఇచ్చింది, అదీ కమ్మలు తాకట్టు పెట్టి. “ఆరు వేలు కట్టాక ఇంకెట్టా మానుకుంటా సార్? జొరమొచ్చినా పోయేదాన్ని. ఊరకే నేర్పుంటే ఏదో ఒక పనుందని నాలుగు రోజులకే ఆగిపోయేదాన్ని” అంది. ఇప్పుడు పెళ్లిళ్ల రోజుల్లో ఆమె చేత జాకెట్టు మీద పని చేయించుకోవాలంటే ముందుగా చెప్పి పెట్టుకోవాలి.

వ్యాపారం చేయదలచిన మనిషి మొదట తన చేతి డబ్బుతో ఒక సేవ కొనుక్కోవాలి. నేర్పేవాళ్లకు, లెక్కలు రాసేవాళ్లకు, బోర్డు రాసేవాడికి, ఎవరికో ఒకరికి. ఆ డబ్బు ఎదుటివాడి చేతిలో పడిన క్షణం నుంచి మన కాళ్లు కదులుతాయి.

ఇది నా ఒక్కడి నమ్మకం కాదు. 1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయం నాటకశాలలో చేసిన పరిశీలన ఒకటుంది. ఏడాది నాటకాలన్నిటికీ కలిపి అమ్మే టికెట్టును కొందరికి పూర్తి వెల 15 డాలర్లకే ఇచ్చారు, కొందరికి తగ్గించి ఇచ్చారు. పూర్తి వెల కట్టినవాళ్లు మొదటి సగం ఏడాది ఎక్కువ నాటకాలు చూశారు. తర్వాతి సగంలో ఆ తేడా మాయమైంది. ఈ రెండో ముక్క నాకు మరీ ముఖ్యం. ఒకేసారి కట్టిన డబ్బు మనసులోంచి జారిపోతుంది. నెలనెలా కట్టేది జారిపోదు. జిమ్ముకు డబ్బు కట్టి మొహం చూపించనివాళ్ల సంగతి ఎత్తి నాతో వాదించేవాళ్లున్నారు. జిమ్ముకు పోకపోతే ఒళ్లు పెరుగుతుందేమో, ఇంటికొచ్చి అడిగేవాడు లేడు. వ్యాపారంలో మనం డబ్బిచ్చిన మనిషి నెల తిరిగేసరికి ఎదురుగా వచ్చి నిలబడతాడు.

మన రాష్ట్రంలోనే ఇంకా పెద్ద ప్రయోగం జరిగింది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ 1964లో కాకినాడ వ్యాపారులను ఎంచుకున్నాడు. కొత్తగా ఏదో చేయాలన్న పట్టుదలను మనిషికి నేర్పవచ్చా అన్నది ఆయన ప్రశ్న. ఆ వ్యాపారులు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు వెళ్లి నేర్చుకున్నారు. ఆ సంస్థ పేరు అప్పట్లో సియెట్. తర్వాత వాళ్లలో దాదాపు సగం మంది కొత్త పెట్టుబడులకు, కొత్త సరుకులకు చురుగ్గా పూనుకున్నారని తేలింది. శిక్షణకు వెళ్లని వ్యాపారుల్లో అలాంటివాళ్లు సుమారు నాలుగో వంతే. 1969లో మెక్‌క్లెలండ్, డేవిడ్ వింటర్ దాని మీద పుస్తకమే రాశారు. ఆ ఫలితాన్ని అందరూ పాఠాల గొప్పగా చెబుతారు. నేను ఇంకొకటి చూస్తాను. అంగడి వదిలి, బేరం వదిలి, రోజుల తరబడి హైదరాబాదులో ఉండటం వ్యాపారికి చేతి నుంచి పడే ఖర్చే. వాళ్లు ఏదో ఒకటి పోగొట్టుకుని కూర్చున్నారు కాబట్టి మనసు పెట్టి కూర్చున్నారు.

ఇప్పుడు పద్ధతి తిరగబడింది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణకు వచ్చిన చేతివృత్తి మనిషికి రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. కూలి మానుకుని వచ్చే మనిషికి ఆ కూలి ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను. పనిముట్లూ కావాలి. నేర్చుకోవడానికే డబ్బు వస్తుందని అలవాటు చేయడం మాత్రం నాకు మింగుడు పడదు. ప్రతి శిబిరంలో మనిషి దగ్గర 500 రూపాయలు కట్టించుకోండి. పన్నెండు నెలలు రాసిన చిట్టా తెచ్చి చూపించినవాళ్లకు అది రెట్టింపు చేసి ఇవ్వండి. ప్రభుత్వానికి అదేమంత భారం కాదు.

చిట్టా అన్నాను కాబట్టి దాని సంగతీ చెప్పాలి. ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను, మళ్లీ రాస్తాను. వెనకటి రోజుల్లో ఓ మోస్తరు అంగడికి కూడా గుమాస్తా ఉండేవాడు. ఏ రోజు లావాదేవీలు ఆ రోజు చిట్టాలోకి, అక్కడి నుంచి పేరుపేరునా ఆవర్జాలోకి ఎక్కించేవాడు. అప్పు ఎవరి దగ్గర నిలిచింది, ఏ సరుకులో లాభం, ఏ సరుకు మూల పడి ఉంది, అన్నీ ఆ రెండు పుస్తకాలు చెప్పేవి. ఇప్పుడు మన బజార్లలో ఫోనుకు డబ్బు పడిన మోత వినబడటమే లెక్క. గల్లాపెట్టెలో ఉన్నదంతా లాభమే అనుకుని దాంట్లోంచే బియ్యం తెస్తున్నారు, ఫీజులు కడుతున్నారు, చివరికి సరుకు తెచ్చిన షావుకారుకు ఇవ్వడానికి వడ్డీకి తెస్తున్నారు. మార్కాపురంలో, గిద్దలూరులో, కంభంలో మూతపడిన చిన్న అంగళ్ల వాళ్లను అడిగి చూడండి. బేరం లేక మూసేశామంటారు. చాలామందికి బేరం ఉంది, లెక్క లేదు.

అందుకే లెక్కలు రాసే మనిషిని నెల జీతానికి పెట్టుకోండి అంటాను. బీకాం చదివి ఇంటి దగ్గర ఉన్న పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. నెలకు ఐదారు వందలకు వారానికోసారి వచ్చి రాసిపెడతారు. ఆ పిల్ల వస్తుందంటే ముందు రోజే బిల్లులు వెతికి పెట్టుకుంటారు. ఆమెకు ఇచ్చే డబ్బు వృథా కాకూడదని ఇంకో రెండు బేరాలు చూసుకుంటారు. పొదుపు సంఘాలను నిలబెట్టింది ఇలా చేతి డబ్బు పెట్టడమే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మన కనిగిరి తాలూకా నెల్లూరుదే. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఆ నెల్లూరులోనే రోజుకో రూపాయి పొదుపుతో ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు లేచాయి. ఆ రూపాయి ఎవరో ఇచ్చింది కాదు. చాలా సంఘాల్లో పుస్తకాలు రాసే అమ్మాయికి ఇచ్చే డబ్బు సభ్యులు తమలో తాము వేసుకున్నదే. మన డబ్బు తీసుకుంటోంది కదా అని ఆమెను నిలదీసి లెక్క అడిగేవాళ్లు, అలా అడుగుతూ అడుగుతూ లెక్క నేర్చుకున్నారు.

డబ్బు పెట్టమంటే ఎవరికిబడితే వారికి పెట్టమని కాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం పైసా తీసుకోదు. దానికి వేలు గుంజేవాడిని నమ్మకండి. పచ్చళ్లు, పొడులు అమ్మే చిన్నవాళ్లకు ఆహార భద్రత నమోదు రుసుము ఏడాదికి 100 రూపాయలు. పేరును ట్రేడ్‌మార్కు చేయించాలంటే అలాంటి చిన్నవాళ్లకు ఆన్‌లైన్‌లో 4,500. ఈ రెండూ కట్టి రసీదు గోడకు తగిలించుకున్నవాళ్లు అంగడిని అంత తేలిగ్గా మూయరు.

ఇంత గట్టిగా చెబుతున్నప్పుడు ఒక్క చోట మాత్రం నా వాదన నేనే ఆపుకోవాలి. కెన్యాలో జెస్సికా కోహెన్, పాస్కలీన్ డ్యూపా గర్భిణులకు దోమతెరలు ఇచ్చి చూశారు. వెల సున్నా నుంచి 60 సెంట్లకు పెంచేసరికి తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు తగ్గిపోయారు. ఊరికే తీసుకున్నవాళ్లు వాడటంలో ఏమాత్రం తగ్గలేదు. ప్రాణానికి అవసరమైన వస్తువుకు వెల పెడితే పట్టుదల పెరగదు, మనిషి దాన్ని వదులుకుంటాడు.

కనిగిరి, పామూరు, సీఎస్ పురం వైపు జనం దశాబ్దాలుగా డబ్బు పెట్టి కొంటున్నది అలాంటి ప్రాణావసరాన్నే, నీళ్లను. భూగర్భంలో ఫ్లోరైడ్. వంకర తిరిగిన కాళ్లతో నడిచే ముసలివాళ్లను చూసి పెరిగాం. తాగే నీళ్లకు క్యాను కొనాలి, వాడుకకు ట్యాంకరు కొనాలి, పొలానికి బోరు వేయించి, అది ఎండితే ఇంకోటి వేయించాలి. ఆ డబ్బు ఎవరినీ వ్యాపారంలో ముందుకు నడిపించలేదు. బోరు అప్పు తీర్చడానికి హైదరాబాదుకో బెంగళూరుకో బేల్దారి పనికి పంపించింది. కుట్టు మిషను కొనుక్కోవాల్సిన సొమ్ము నీళ్ల బండికి పోతుంటే, ఆ ఇంటికి పోయి చేతి డబ్బు పెట్టి నేర్చుకోమ్మా అని ఏ మొహంతో చెప్పను?

మా వైపు ఊళ్లకు నీళ్లివ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు, 2004లో మళ్లీ చేశారు. శ్రీశైలం వెనుక జలాల నుంచి నల్లమల కింద సుమారు 19 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు, 4 లక్షల 47 వేల ఎకరాల ఆయకట్టు. 2024 మార్చిలో రెండో సొరంగాన్ని కూడా జాతికి అంకితం చేశారు. నిర్వాసితుల పరిహారం తేలక నీళ్లు మాత్రం రాలేదు. ఉచిత శిబిరాల మీద పెట్టే డబ్బు, శ్రద్ధ, సభలు ముందు అటు మళ్లించండి. మునిగే ఊళ్ల వాళ్లకు పరిహారం ఇవ్వండి, కాలువలు తవ్వండి, కుళాయిలో తాగే నీళ్లు ఇవ్వండి. శిక్షణ ఫీజు మా ఆడవాళ్లు వాళ్లే కట్టుకుంటారు.